పాఠకుడు వెనక్కి తిరిగిన చోటు

2015 ఫిబ్రవరిలో ఇంగ్లిష్ వికీపీడియా వ్యాసాల్లో దాదాపు 8 లక్షల కొత్త లింకులు చేరాయి. ఒక వ్యాసం చదువుతున్నవారు ఇంకో వ్యాసానికి తేలిగ్గా వెళ్లాలన్న మంచి ఉద్దేశంతో చేర్చినవే అవన్నీ. మార్చి గడిచాక లెక్క తీస్తే, వాటిలో 66 శాతం లింకుల్ని ఆ నెల మొత్తంలో ఒక్కరంటే ఒక్కరూ నొక్కలేదని తేలింది. వందకు మించి క్లిక్కులు పడ్డవి నూటికి ఒక్కటే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన అశ్విన్ పరాంజపే, రాబర్ట్ వెస్ట్, యూరె లెస్కోవెట్స్, వికీమీడియా ఫౌండేషన్‌కి చెందిన లైలా జియా కలిసి 2016లో ప్రచురించిన పరిశోధన పత్రంలోని సంగతి ఇది.

వెబ్‌సైటు నడిపే ప్రతివారూ ఈ లెక్క దగ్గర కాసేపు ఆగి ఆలోచించాలని నా కోరిక. వికీపీడియా అంటే కోట్లమంది చదివే చోటు. అక్కడే మూడింట రెండు వంతుల కొత్త లింకుల్ని ఎవరూ నొక్కకపోతే, ఒక జిల్లా కార్యాలయం సైటులోనో, ఒక కాలేజీ సైటులోనో, ఒక పత్రిక సైటులోనో మనం పేర్చి పెట్టే మెనూల గతి ఏమిటి? కావలసింది సైటులో ఉంది కదా అనుకుంటాం. ఉండటం వేరు, వెతికేవాడికి దొరకడం వేరు. ఈ రెంటి మధ్య దూరాన్ని కొలిచే శాస్త్రమే సందర్శకుల రాకపోకల విశ్లేషణ.

పై లెక్క కోసం పరిశోధకులు ఎవరినీ ప్రశ్నలు అడగలేదు. సర్వర్లు రాసుకున్న లాగులు చదివారు. మనం ఫోనులో ఒక పేజీ తెరవగానే, ఆ సైటు ఉన్న సర్వరు పేజీని పంపించి, పంపిన సంగతిని తన లాగు ఫైలులో ఒక వరుసగా రాసిపెట్టుకుంటుంది. ఆ వరుసలో మొదట ఉండేది అడిగినవారి ఐపీ అడ్రసు. తర్వాత తేదీ, సెకన్లతో సహా సమయం. ఆ పక్కన ఏ పేజీ అడిగారో దాని చిరునామా. ఆపైన మూడంకెల జవాబు: 200 అంటే ఇచ్చేశాను అని, 404 అంటే అలాంటి పేజీ నా దగ్గర లేదు అని. ఎన్ని బైట్లు పంపిందో ఆ అంకె. చివర రెండు వివరాలు: ఏ పేజీలోని లింకు పట్టుకుని ఇక్కడికి వచ్చారు, ఏ బ్రౌజరు వాడారు. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ కేంద్రం తయారుచేసిన సర్వరు ప్రోగ్రాముతో ఈ రాత పద్ధతి మొదలైంది. అపాచీ లాంటి సర్వర్లు నేటికీ దాదాపు అదే వరుసలో రాస్తున్నాయి.

ఒక్కో వరుసగా చూస్తే ఇందులో పెద్ద విశేషం లేదు. విశేషమంతా ‘ఎక్కణ్ణుంచి వచ్చారు’ అన్న ఆ ఒక్క గడిలో ఉంది. దాన్ని ఆధారం చేసుకుని వరుసల్ని ఒకదానికొకటి ముడివేస్తే ఒక మనిషి సైటులో నడిచిన దారి బయటపడుతుంది. మొదటి పేజీ, అక్కణ్ణుంచి ‘సేవలు’, అక్కణ్ణుంచి ‘రెవెన్యూ సేవలు’, ఆ తర్వాత ‘మున్సిపల్ సేవలు’. ఈ నాలుగో వరుస దగ్గర ఒక చిక్కు ఉంది. మనం బ్యాక్ బటను నొక్కితే బ్రౌజరు చాలాసార్లు తన దగ్గర దాచుకున్న పేజీనే చూపించేస్తుంది, సర్వరుకి కబురే వెళ్లదు. కాబట్టి వెనక్కి వెళ్లిన అడుగు లాగులో ఉండదు. కానీ ‘మున్సిపల్ సేవలు’ వరుసలో ఎక్కణ్ణుంచి వచ్చారన్న గడి చూస్తే ‘రెవెన్యూ సేవలు’ అని ఉండదు, ‘సేవలు’ అని ఉంటుంది. అంటే ఆ మనిషి రెవెన్యూ పేజీలో తనకి కావలసింది దొరక్క ఒక మెట్టు వెనక్కి వచ్చి, ఇంకో తలుపు తట్టాడన్నమాట. కాస్త ఓపిక ఉంటే లాగులో లేని అడుగునీ ఇలా పట్టుకోవచ్చు. వికీపీడియా పరిశోధకులు కూడా ఇందుకే పాఠకుడి నడకని ఒక గీతలా గీయకుండా కొమ్మలున్న చెట్టులా గీశారు.

ఒక మనిషి ఎక్కడ ఆగాడు, ఇంకొకరు ఎక్కడ మొదలయ్యారు అన్నది తేల్చడం అంత తేలిక కాదు. మన దేశంలో మొబైల్ కంపెనీలు చాలాసార్లు ఎంతోమందిని ఒకే ఐపీ అడ్రసు వెనక ఉంచుతాయి. కాబట్టి అడ్రసుని బట్టి మనుషుల్ని లెక్కపెడితే పెద్ద ఊరు కాస్తా ఒక్క ఇల్లయిపోతుంది. 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మోంటులీ కనిపెట్టిన కుకీ ఈ ఇబ్బందిని కొంత తీర్చింది. సర్వరు ఒక చిన్న గుర్తుని బ్రౌజరులో దాస్తుంది, బ్రౌజరు తిరిగి వచ్చినప్పుడల్లా దాన్ని చూపిస్తుంది. అదే మనిషి ఫోనులో ఒకసారి, ఆఫీసు కంప్యూటరులో ఒకసారి వస్తే మాత్రం ఇద్దరి కిందే లెక్క. ఇక అరగంటసేపు ఏ కదలికా లేకపోతే ఆ సందర్శన ముగిసిందని లెక్కించడం చాలా పనిముట్లలో ఆనవాయితీ. అరగంట అన్నది ప్రకృతి నియమమేమీ కాదు, సౌలభ్యం కోసం పెట్టుకున్న హద్దు.

2005లో గూగుల్ సంస్థ శాన్ డియాగోకి చెందిన అర్చిన్ కంపెనీని కొని, దాని విశ్లేషణ సాఫ్ట్‌వేరుని ఆ ఏడాది నవంబరులోనే గూగుల్ అనలిటిక్స్ పేరుతో ఉచితంగా అందరికీ ఇచ్చింది. దాంతో లాగులు చదవడం తెలియనివాళ్లకీ పటాలు, శాతాలు అందుబాటులోకి వచ్చాయి. మేలు జరిగింది, కాదనను. కానీ ఆ అంకె ఎలా పుట్టిందో తెలుసుకోకుండానే దాన్ని నమ్మే అలవాటు కూడా అప్పుడే మొదలైంది.

ఒక ఉదాహరణ చూడండి. ఒక మిరప రైతు తామర పురుగు గురించి వెతుకుతూ ఒక వ్యవసాయ సైటులోని పేజీకి నేరుగా వచ్చాడు. ఎనిమిది నిమిషాలు కూర్చుని చదివాడు. ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పుడు కొట్టాలి అన్నది తెలుసుకుని ఫోను జేబులో పెట్టుకున్నాడు. పాత పద్ధతి విశ్లేషణలో ఈ సందర్శనకి నమోదయ్యే సమయం సున్నా. ఎందుకంటే ఒక పేజీలో గడిపిన సమయాన్ని, తర్వాతి పేజీ తెరిచిన సమయంలోంచి ఈ పేజీ తెరిచిన సమయాన్ని తీసివేసి కట్టేవారు. తర్వాతి పేజీ లేకపోతే తీసివేతే లేదు. ఒక్క పేజీ చూసి వెళ్లిపోయాడు కాబట్టి ‘బౌన్స్’ కింద, అంటే నచ్చక పోయినవాళ్ల జాబితాలో అతన్ని రాసేవారు. సైటు తన పనిని సంపూర్ణంగా చేసిన సందర్భం లెక్కల్లో వైఫల్యంగా కనిపించేది! ఇప్పటి గూగుల్ అనలిటిక్స్ పేజీ కళ్లెదుట ఉన్న సమయాన్ని విడిగా కొలిచి, పది సెకన్లు దాటిన సందర్శనని శ్రద్ధగా చూసినదిగా గుర్తిస్తోంది. కొంత నయం. అయినా చదివాడా, ఫోను పక్కన పెట్టి టీ తాగాడా అన్నది ఏ యంత్రమూ చెప్పలేదు.

మనుషులు ఎందుకు వెనక్కి తిరుగుతారు? దీనికి చక్కటి జవాబు జీవశాస్త్రం నుంచి వచ్చింది. పొదలో పండ్లు తింటున్న పక్షి, పండ్లన్నీ అయిపోకముందే ఇంకో పొదకి ఎగిరిపోతుంది. ఎప్పుడు ఎగిరిపోవడం దానికి లాభం? 1976లో ఎరిక్ చార్నోవ్ దీనికి గణితంలో సమాధానం కట్టాడు. ఈ పొదలో నిమిషానికి దొరికే తిండి, పొదల మధ్య తిరిగే సమయాన్ని కూడా కలుపుకుని ఆ పరిసరాల్లో సగటున దొరికేదాని స్థాయికి పడిపోయినప్పుడు వదిలెయ్యాలి. పొదలు దగ్గర దగ్గరగా ఉంటే తొందరగా వదిలేస్తుంది, దూరదూరంగా ఉంటే ఉన్నదాన్నే ఓపిగ్గా వెతుక్కుంటుంది. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో పీటర్ పిరోలి, స్టూవర్ట్ కార్డ్ ఇదే ఆలోచనని సమాచారం వెతికే మనుషులకి అన్వయించారు. వారి సిద్ధాంతం 1999లో సైకలాజికల్ రివ్యూ పత్రికలో సమగ్రంగా వచ్చింది. గూగుల్ రావడంతో పొదల మధ్య దూరం దాదాపు చెరిగిపోయింది. వెనక్కి వెళ్లి ఇంకో సైటు తెరవడానికి రెండు సెకన్లు చాలు. అందుకే ఏ సైటులోనైనా జనం ఓపిక ఇంత తక్కువ. అది వాళ్ల చంచలత్వం కాదు, సరైన లెక్క.

పిరోలి, కార్డ్ చెప్పిన ఇంకో మాట మరీ ముఖ్యం. మనిషి లింకు నొక్కే ముందు అవతలి పేజీని చూడలేడు. లింకు మీద రాసివున్న రెండు మూడు మాటల్ని బట్టే అవతల తనకి కావలసింది ఉందో లేదో పసిగడతాడు. దీన్ని వాళ్లు సమాచార వాసన అన్నారు. కుల ధ్రువీకరణ పత్రం కోసం వచ్చిన విద్యార్థికి ‘రెవెన్యూ సేవలు’ అన్న మాటలో ఆ వాసన రాదు. ఆ పత్రం ఇచ్చేది రెవెన్యూ శాఖ అని కార్యాలయంలో ఉన్నవాళ్లకి తెలుసు, పదిహేడేళ్ల పిల్లకి తెలియాల్సిన అవసరం లేదు. ‘ఇతరములు’, ‘ముఖ్యమైన లింకులు’, ‘ఇక్కడ నొక్కండి’ లాంటివైతే ఏ వాసనా లేని మాటలు. శాఖల పట్టికని తీసుకొచ్చి మెనూగా పెట్టేసిన సైట్లు మన చుట్టూ చాలానే ఉన్నాయి. వాటిని సరిదిద్దడానికి కొత్త పేజీ ఒక్కటీ రాయనక్కర్లేదు. పేర్లు మారిస్తే చాలు. ఏ పేర్లు మార్చాలో లాగు చెబుతుంది: ఏ లింకు పట్టుకుని ఎక్కువమంది లోపలికి వెళ్లి వెంటనే వెనక్కి వస్తున్నారో ఆ లింకు పేరు తప్పుడు ఆశ పెడుతోందని అర్థం.

మళ్లీ వికీపీడియా పరిశోధన దగ్గరికి వద్దాం. పనికిరాని లింకులు ఎన్నో చెప్పి ఊరుకుంటే అది సగం పనే అయ్యేది. ఇంకా వెయ్యని లింకుల్లో ఏవి పనికొస్తాయో ముందే చెప్పగలమా అన్నది వాళ్ల అసలు ప్రశ్న. జవాబు చాలా సరళమైనది. ఒక వ్యాసం నుంచి మొదలైనవారిలో చాలామంది మూడు నాలుగు పేజీలు చుట్టి చివరికి ఫలానా వ్యాసానికే చేరుతున్నారనుకోండి. ఆ రెండింటి మధ్య నేరుగా లింకు లేదు, కానీ జనానికి దాని అవసరం ఉంది. అలాగే, ఒక పేజీ చదువుతూ మధ్యలో సెర్చ్ పెట్టెలో ఒక పేరు కొడుతున్నారంటే, ఆ పేరుకి అక్కడ లింకు ఉండాల్సిందన్నమాట. ఇలా 2015 జనవరి లాగుల్ని చూసి, ఫిబ్రవరిలో సంపాదకులు చేర్చిన లింకులకి మార్చిలో ఎన్ని క్లిక్కులు పడతాయో అంచనా కట్టి, అసలు లెక్కతో పోల్చి చూసుకున్నారు. అంచనా పనిచేసింది.

దానితోపాటు ఇంకొకటీ తేలింది. ఒక పేజీలో లింకుల సంఖ్య పెంచినంత మాత్రాన ఆ పేజీ నుంచి పడే మొత్తం క్లిక్కులు ఆ మేరకు పెరగవు. ఉన్న ధ్యాసనే లింకులు పంచుకుంటాయి, ఒకదానికి వచ్చింది ఇంకోదానికి తగ్గుతుంది. అందుకే వాళ్ల పద్ధతి ఒకే పేజీలో లింకులు గుప్పించకుండా, ఎక్కడ అవసరం ఎక్కువో అక్కడ పొదుపుగా సూచిస్తుంది. 2017లో దిమిత్రోవ్ అనే పరిశోధకుడి బృందం చేసిన మరో అధ్యయనంలో, వికీపీడియా పాఠకులు తెర పైభాగంలో, ఎడమవైపు ఉన్న లింకుల్నే ఎక్కువగా ఎంచుకుంటున్నట్టు కనబడింది. మొదటి పేజీలో అన్ని విభాగాలకీ చోటు కావాలని పట్టుబట్టే ప్రతి సమావేశంలోనూ ఈ రెండు ఫలితాల్ని బల్ల మీద పెట్టాలి. అందరికీ చోటిచ్చిన పేజీలో ఎవరికీ చోటు మిగలదు.

జనం ఎక్కడ వెనక్కి తిరిగారో లాగు చెబుతుంది, ఎందుకు తిరిగారో చెప్పదు. అమెరికాలో సైట్ల వాడకం మీద పనిచేసే జారెడ్ స్పూల్ చెప్పిన సంఘటన ఒకటి ఈ రంగంలో అందరికీ తెలుసు. కంపెనీ పేరు ఆయన చెప్పలేదు. ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో, సరుకులు ఎంచుకున్నాక డబ్బు కట్టే ముందు ఒక చిన్న ఫారం వచ్చేది. ఈమెయిలు, పాస్‌వర్డు అని రెండు గడులు, లాగిన్, రిజిస్టర్ అని రెండు బటన్లు. తిరిగి వచ్చే కొనుగోలుదార్లకి సౌకర్యమని పెట్టారు. స్పూల్ బృందం కొందరిని కూర్చోబెట్టి, డబ్బిచ్చి, కొనమని పక్కనుండి గమనించింది. కొత్తవాళ్లు రిజిస్టర్ అన్న మాట చూసి విసుక్కున్నారు. వస్తువు కొనడానికి వచ్చాం గానీ చుట్టరికం కలుపుకోవడానికి కాదు అన్నది వాళ్ల బాధ. పాతవాళ్లకి పాస్‌వర్డు గుర్తులేదు. ఆ తర్వాత డేటాబేసు తిరగేస్తే 45 శాతం కొనుగోలుదార్ల పేర ఒకటికి మించి ఖాతాలు, కొందరి పేర పది దాకా బయటపడ్డాయి. పాస్‌వర్డు మర్చిపోయామంటూ రోజుకి లక్షా 60 వేల అభ్యర్థనలు. అలా అడిగినవారిలో 75 శాతం మంది మళ్లీ కొనే ప్రయత్నమే చెయ్యలేదు. రిజిస్టర్ బటను తీసేసి ‘కొనసాగించండి’ అని పెట్టారు, కొనడానికి ఖాతా అక్కర్లేదని పక్కన ఒక వాక్యం రాశారు. కొనుగోళ్లు పూర్తిచేసినవారు 45 శాతం పెరిగారు. ఏడాదిలో అదనంగా వచ్చిన అమ్మకాలు 30 కోట్ల డాలర్లు.

ఈ కథలో అందరూ ఆ 30 కోట్ల గురించే మాట్లాడతారు. నాకు ముఖ్యమనిపించేది, ఆ అంకెలన్నీ ముందునుంచీ కంపెనీ దగ్గరే ఉండటం. పాస్‌వర్డు అభ్యర్థనలు రోజూ వస్తూనే ఉన్నాయి. కొందరు మనుషుల పక్కన కూర్చుని చూశాకగానీ ఆ అంకెకి అర్థం తెలియలేదు.

ఇప్పుడు మనుషులెవరో యంత్రాలెవరో తేల్చుకోవడం కూడా కష్టమవుతోంది. 2025 మే, జూన్ నెలల్లో వికీపీడియాకి బ్రెజిల్ నుంచి పాఠకుల తాకిడి బాగా పెరిగినట్టు కనిపించింది. వికీమీడియా తన పరిశీలన పద్ధతిని మెరుగుపరిచి మళ్లీ చూస్తే, అందులో ఎక్కువ భాగం మనుషుల్లా వేషం వేసుకొచ్చిన బాట్లని, అంటే తమంతట తామే పేజీలు తెరిచే ప్రోగ్రాములని తేలింది. లెక్క సరిచేశాక, మనుషుల వీక్షణలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 8 శాతం తగ్గినట్టు బయటపడింది. పేజీ అడుగున సందర్శకుల సంఖ్య చూపించే అలవాటు మన దగ్గర చాలా సైట్లలో ఇప్పటికీ ఉంది. ఆ సంఖ్యలో ఎందరు మనుషులో, ఎన్ని యంత్రాలో తెలియదు. దాన్ని తీసెయ్యడమే మంచిది.

మనుషుల నడకని గమనించేటప్పుడు వారి మర్యాద కాపాడటం కూడా ఈ పనిలో భాగమే. 2006లో ఏఓఎల్ సంస్థ పరిశోధకుల కోసమని దాదాపు 6 లక్షల 50 వేలమంది చేసిన 2 కోట్ల వెతుకులాటల్ని బయటపెట్టింది. పేర్లు తీసేసి అంకెలు పెట్టామంది. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు కొద్ది రోజుల్లోనే, ఆ వెతికిన మాటల్ని బట్టి జార్జియా రాష్ట్రంలోని ఒక పెద్దావిడ ఇంటికి చేరుకున్నారు. మనం వెతికే మాటలే మన చిరునామా అని అప్పుడు లోకానికి తెలిసింది. ఇందుకు భిన్నంగా వికీపీడియా ఒక్క రోజులో ఎన్ని పరికరాల నుంచి వస్తున్నారో లెక్కపెట్టే పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. అది బ్రౌజరులో దాచే కుకీలో ఏ గుర్తింపు సంఖ్యా ఉండదు, కిందటిసారి వచ్చిన తేదీ మాత్రమే ఉంటుంది. నిన్నటి తేదీతో వస్తే ఈ రోజుకి కొత్త పరికరం, లెక్కలో ఒకటి కలుపుతారు. ఇవాళ్టి తేదీతో వస్తే ఇంతకుముందే లెక్కపెట్టేశారు. ఎవరన్నది తెలియకుండానే ఎందరన్నది తేలిపోతుంది. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, అవసరం లేని వివరాలు అసలు పోగు చెయ్యకపోవడమే అన్నిటికంటే గట్టి రక్షణ.

తెలుగు సైట్లకి ఉన్న ప్రత్యేక ఇబ్బంది ఒకటి చెప్పాలి. ‘తెలుగు’ అన్న మాట మనకి మూడక్షరాలు. కంప్యూటరుకి మాత్రం త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు. ఒక్కోదానికి 3 బైట్లు చొప్పున 18 బైట్లు. వెబ్ చిరునామాలో ఒక్కో బైటునీ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా రాస్తారు కాబట్టి, లాగులో మన ‘తెలుగు’ 54 అక్షరాల ఇంగ్లిష్ తోరణంలా వేలాడుతుంది. దాన్ని తిరిగి తెలుగులోకి మార్చుకోకపోతే ఎవరేం వెతికారో తెలియనే తెలియదు. మార్చి చూస్తే అసలు సంగతులు కనిపిస్తాయి. పేజీకి ‘హైదరాబాదు’ అని పేరుంటే జనం ‘హైదరాబాద్’ అని కొడతారు. పొల్లు తర్వాత ఒక్కోసారి కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి వస్తుంది. ‘బస్’ అన్న మాట చివర అది ఉన్నా లేకున్నా చూడటానికి ఒకటే, కంప్యూటరుకి మాత్రం అవి రెండు వేరు వేరు మాటలు. ఇక తెలుగు మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లు సరేసరి. సైటులో వ్యాసం ఉండి కూడా వీళ్లందరికీ ‘ఫలితాలు లేవు’ అన్న జవాబే వస్తుంది. తెలుగు వికీపీడియాలో ఇలాంటి ప్రత్యామ్నాయ రూపాలకి దారిమార్పు పేజీలు పెట్టే అలవాటు ఉంది. ఏ రూపంలో వెతికినా అసలు వ్యాసానికే తీసుకెళతాయవి. మిగతా సైట్లూ నేర్చుకోదగిన పని.

తెలుగులో సైటు నడుపుతున్నవారికి ఒక విన్నపం. ఈ నెల మీ సైటులోని సెర్చ్ పెట్టెలో ఫలితం దొరకని మాటల జాబితా తీయించండి. 404 జవాబు అందుకున్న చిరునామాల జాబితా కూడా. రెండూ మీ సర్వరులో ఇప్పటికే ఉండివుంటాయి, డబ్బు పెట్టి ఏ పనిముట్టూ కొననక్కర్లేదు. వాటిలో పైనున్న ఇరవై మాటల్ని తీసుకుని, జనం వాడిన మాటనే మీ పేజీ పేరులోకి, లింకులోకి తెచ్చుకోండి. ఆ తర్వాత మీ సైటు ఎప్పుడూ చూడని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోను వాళ్ల చేతికిచ్చి, మీరు మాట్లాడకుండా చూడండి.